పొట్ట దాచే స్విమ్‌సూట్ కావాలన్నారు: నెల్లూరు నుంచి ఒక కేస్ స్టడీ

నెల్లూరు పొగతోటలో నాకు ఆడవాళ్ళ దుస్తుల దుకాణం ఉంది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో కుట్టుపని. ఏడాది పొడవునా మాకు తిండి పెట్టేవి జాకెట్లే. ఎండలు ముదిరే వేళకు మాత్రం స్విమ్‌సూట్ల కోసం వచ్చేవాళ్ళు పెరుగుతారు. వాళ్ళలో సరదాకు వచ్చేవాళ్ళు తక్కువ. పొగతోటంటే ఆసుపత్రుల పేట కాబట్టి, ఈత కొట్టమని డాక్టరు రాసిచ్చిన చీటీ చేతిలో ఉండగానే మా మెట్లెక్కేవాళ్ళే ఎక్కువ. ఈ కేసూ అలా వచ్చినదే. వివరాలు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. పేరు, పనిచేసే బ్యాంకు మాత్రం రాయను.

వయసు 46. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్ కాన్పులే. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మోకాళ్ళలో అరుగుదల మొదలైంది. వాటి మీద బరువు పడకుండా వ్యాయామం చేయాలంటే నీళ్ళే మంచిదని డాక్టరు చెప్పారు. ఈత ఆమెకు కొత్త కాదు. ఆత్మకూరు వైపు పల్లెలో పుట్టి, నడుముకు బెండు కట్టుకుని పొలం బావిలో నేర్చుకున్న మనిషి. నీళ్ళంటే భయం లేదు, నీళ్ళలోకి దిగే బట్టలంటేనే భయం.

చేతి సంచిలో ఒక సూటు తెచ్చారు. ఆన్‌లైన్‌లో తెప్పించినది, సైజు ఎక్స్ఎల్. గౌను పద్ధతి: భుజం దాటి నాలుగు వేళ్ళు దిగే చిన్న చేతులు, తొడ సగం దాకా కుచ్చుల స్కర్టు, దాని కింద మోకాలి దాకా అతికిన టైట్స్, వెనక పొడవాటి జిప్పు. నల్లటి బట్ట మీద అరచేతంత ఎర్ర పువ్వులు. ఒక పూట వేసుకుని పూల్‌లో దిగి, మధ్యలోనే బయటికి వచ్చేశారట.

"అక్కా, పొట్ట కనిపించకూడదు, చేతులు కనిపించకూడదు, వెనక భాగం కనిపించకూడదు. అంతే, ఇంకేమీ వద్దు" అన్నారు.

దాదాపు అందరూ ఇదే అడుగుతారు. నన్నడిగితే స్విమ్‌సూట్ ఎంపిక తప్పుదారి పట్టేది ఇక్కడే. ఏది దాచాలన్న లెక్కతో మొదలుపెడితే పొరల మీద పొరలు చేరతాయి, ప్రతి పొరా నీళ్ళలో బరువవుతుంది, మనిషి ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. పన్నెండు వేలు పెట్టి కొన్న వెంకటగిరి చీర కూడా భుజం జారే జాకెట్టు మీద తేలిపోతుందని మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. స్విమ్‌సూట్‌లో చీర లేదు, ఉన్నదంతా జాకెట్టే. అందుకే అందులో అందమంతా కొలతల మీదే ఆధారపడుతుంది.

పాత సూటు ఏం చెప్పింది

కొత్తది చూపించే ముందు పాతది వేసుకుని రమ్మన్నాను. నచ్చని బట్టలో మనిషిని చూస్తే ఎక్కడ కుదరలేదో తెలుస్తుంది. ట్రయల్ రూమ్ లోంచి బయటికి రావడానికే ఆమెకు కాస్త సమయం పట్టింది. వచ్చాక, "నిటారుగా నిలబడండి మేడం" అన్నాను. నిలబడలేకపోయారు.

భుజాలు ముందుకు వాలి ఉన్నాయి, వీపు వంగి ఉంది. ఆమె సరిచేసుకోబోయినప్పుడల్లా సూటు భుజాన్ని కిందికి, కాళ్ళ మధ్య బట్టను పైకి లాగుతోంది. మెడ పక్కన భుజం మీద ఎర్రటి గీత పడింది. రొమ్ములు ఉండాల్సిన చోటికంటే రెండు అంగుళాలు కిందికి నొక్కుకుపోయాయి. జిప్పు పైకొస దగ్గర మాత్రం బట్ట ఒంటిని విడిచి, వేలు దూరేంత సందు ఉంది. ఒకే సూటు ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు అంటే సైజు పెద్దదో చిన్నదో అని వాదించి లాభం లేదు. పొడవు చాలలేదని అర్థం.

ఇక్కడే అసలు సంగతి ఉంది. సూటు పొట్టిగా ఉంటే ఒళ్ళు దానికి లొంగి వంగుతుంది. వంగితే పొట్ట ముందుకు వస్తుంది, రొమ్ము దిగితే పొట్టకూ రొమ్ముకూ మధ్య ఉండాల్సిన ఖాళీ మాయమై రెండూ కలిసి ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఆమె దాచమంటున్న పొట్టలో కొంత ఆమెది, కొంత ఆ సూటు తెచ్చిపెట్టినది.

కొలతలు

ఛాతీ 40, ఛాతీ కింద 34, నడుము 36, సీటు 42. వీటిలో వింతేమీ లేదు. ఐదో కొలత దగ్గర టేపు రెండోసారి పట్టి చూశాను. మా దుకాణంలో దాన్ని 'నిలువు చుట్టు' అంటాం. మెడకూ భుజం చివరకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, రొమ్ము ఎత్తు మీదుగా కిందికి దించి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, వీపు మీదుగా మళ్ళీ మొదలుపెట్టిన చోటికి తేవాలి. పల్చటి లెగ్గింగ్ మీద, పొట్ట బిగపట్టకుండా, ఊపిరి వదిలాక తీయాలి. టేపు ఒంటికి ఆనాలి, కోయకూడదు. ఒంటరిగా తీసుకోలేం; ఇంట్లో అయితే అక్కనో కూతురినో పిలవాలి.

ఆమెకు అది 67 అంగుళాలు వచ్చింది. ఆన్‌లైన్ సూటు కంపెనీ పట్టికలో ఎక్స్ఎల్‌కు రాసినది 64. మూడు అంగుళాల తేడా. సాగే బట్టే కదా, మూడు అంగుళాలు సాగదా అనిపిస్తుంది. కానీ స్విమ్‌సూట్‌లో ఆ సాగుదలను ముందే వాడేసుకుని ఉంటారు. ఒంటి కొలత కంటే బట్టను కావాలనే చిన్నగా కోసి, సాగి ఒంటిని పట్టుకునేలా కుడతారు. అందుకే కొత్త సూటు బల్ల మీద పరిస్తే చాలామంది, "ఇది మా అమ్మాయికి కూడా చాలదు" అంటారు. పట్టికలో ఉన్నది ఒంటి కొలతే కాబట్టి, దాన్ని దాటిన ప్రతి అంగుళం భుజం మీదా కాళ్ళ మధ్యా పడుతుంది.

తన మొండెం పొడవు అని 46 ఏళ్ళ దాకా ఆమెకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. చీర కట్టినప్పుడు నడుము ఎక్కడుండాలో కట్టే చెయ్యి నిర్ణయిస్తుంది. కుర్తీకి నిలువు చుట్టుతో పని లేదు, కింద అంతా తెరిచే ఉంటుంది. ఈ కొలత అడిగే బట్ట మన బీరువాల్లో మరొకటి లేదు. కుర్తీ సైజు చూసి స్విమ్‌సూట్ తెప్పించుకోవడం వల్ల వచ్చే చిక్కు కూడా ఇదే. కుర్తీలో ఎక్స్ఎల్ అంటే ఒంటి చుట్టూ రెండు మూడు అంగుళాల గాలి కలిపిన సైజు. ఇందులో గాలికి చోటే లేదు.

అలాగని పొడవు కోసం ఇంకో సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుందా? కొందరికి సరిపోతుంది. ఈమెకు సరిపోదు. పెద్ద సైజుతో పాటు ఛాతీ, నడుము కూడా వదులవుతాయి. బయట నిలబడినప్పుడు వదులు బాగానే ఉంటుంది, పూల్ గోడను కాళ్ళతో తన్ని ముందుకు దూసుకెళ్ళగానే మెడ దగ్గర నీళ్ళు దూరి ముందుభాగమంతా సంచిలా ఉబ్బుతుంది. పొట్ట కనిపించకూడదనుకునేవాళ్ళకు ఇంతకంటే శిక్ష లేదు.

వద్దనుకున్నవి

భుజం పట్టీలు విప్పి పొడుగు చేద్దామా అన్నారు. అంగుళం దాకా ఆ ఉపాయం పనిచేస్తుంది. అంతకు మించితే మెడ కిందికి జారుతుంది, దానితో పాటు రొమ్ము కూడా. నడుము దగ్గర కోసి మధ్యలో పట్టీ కలపడం మరో మార్గం, సన్నగా ఉన్న ఆడపిల్లలకు అది బాగుంటుంది కూడా. ఈమెకు అయితే సరిగ్గా పొట్ట మీద అడ్డగీత గీసినట్టే.

స్కర్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవైపు ఆడవాళ్ళు మొదట చెయ్యి పెట్టేది దాని మీదే. గట్టు మీద నిలబడినంతసేపూ అది మర్యాదగా ఉంటుంది. నీళ్ళలో దిగగానే గొడుగులా పైకి తేలుతుంది, ఈదేటప్పుడు వెనక్కి లాగుతుంది, బయటికి రాగానే తడిసి తొడలకు అంటుకుంటుంది. మూడు స్థితుల్లో ఒక్కదాంట్లోనే ఉపయోగం. పైగా దాని అంచు తొడ అన్నిటికంటే లావుగా ఉన్న చోట అడ్డంగా ముగుస్తుంది. కన్ను అంచు దగ్గరే ఆగుతుంది కదా, ఆగినచోట ఏముందో అదే చూస్తుంది.

చిన్న చేతుల తప్పు కూడా అదే. భుజం కింద నాలుగు వేళ్ళ దగ్గర అంచు వస్తే దండచేయి లావు రెట్టింపు కనిపిస్తుంది. చేతులు వద్దనుకుంటే వెడల్పు పట్టీతో వదిలేయాలి. కావాలంటే మోచేతి దాకా తేవాలి. మధ్యలో ఆపకూడదు. ఆమె వెళ్ళేది తెల్లవారుజామున, పైకప్పున్న పూల్‌లో ఆడవాళ్ళ బ్యాచికి. ఎండ లేనిచోట చేతులతో పని లేదన్నాను. దీని మీద కాసేపు చర్చ జరిగింది. చివరికి ఆమె ఒప్పుకున్నది నా మాటకు కాదు. అద్దంలో పాత సూటు చేతిని నేను మడిచి భుజం లోపలికి తోసి పట్టుకున్నాను, రెండో చేతిని అలాగే ఉంచాను. రెండు భుజాలనూ మార్చి మార్చి చూసుకుని, చెయ్యి మడిచిన వైపు చూపిస్తూ, "ఇటువైపే నయం" అన్నారు.

తొడల విషయంలో నేనే ఆమె వైపుకు వచ్చాను. పూల్‌లో పనిచేసేవాళ్ళలో మగవాళ్ళు కూడా ఉంటారు, మోకాలి దాకా బట్ట ఉంటేనే తాను ప్రశాంతంగా ఉండగలనన్నారు. అదేమీ వెనకబాటు కోరిక కాదు. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఈత సమాఖ్య నియమాల ప్రకారం పోటీల్లో ఆడవాళ్ళ సూటు మెడను కప్పకూడదు, భుజం దాటకూడదు, మోకాలి కిందికి దిగకూడదు. మోకాలి దాకా ఉండవచ్చు, ఒలింపిక్ ఈతగత్తెల్లో చాలామంది వేసుకునేది అదే. ఫోనులో ఒక పోటీ ఫొటో తీసి చూపిస్తే ఆమె ముఖంలో బిగువు తగ్గింది. మొహమాటంతో అడిగినది ఒలింపిక్ వాళ్ళ కోరిక కూడా అని తెలిస్తే ఎవరికైనా బాగుంటుంది.

నిర్ణయం

రెడీమేడ్‌లో మొండెం పొడవున్నవాళ్ళ కోసం విడిగా చేసే సూట్లు విదేశీ కంపెనీల్లో దొరుకుతాయి గానీ, మోకాలి దాకా, ఛాతీకి సరైన ఆధారంతో, ఆమె కొలతకు మాకు దొరకలేదు. కాబట్టి కుట్టాలని నిశ్చయించాం.

ముందుభాగం ప్రిన్సెస్ కట్. చంక నుంచి రొమ్ము ఎత్తు మీదుగా నడుము దాకా దిగే ఆ రెండు నిలువు కుట్లే సగం పని చేస్తాయి. రొమ్ముకు చోటిస్తాయి, నడుము దగ్గర లోపలికి వంగుతాయి. మధ్య ముక్క నెమలి నీలం, పక్క ముక్కలు చంక నుంచి మోకాలి దాకా ముదురు నేవీ. వెలుతురును పట్టేది మధ్య ముక్కే కనుక కన్ను దాన్నే ఒంటి వెడల్పుగా తీసుకుంటుంది. ఆ నీలాన్ని నడుము దగ్గర ఇరువైపులా ఒక్కో అంగుళం లోపలికి తెచ్చాం. నల్లటి బట్ట సన్నగా చూపిస్తుందన్న మాట నిజమే గానీ, మెరిసే నలుపు ప్రతి మడతనూ ఎత్తి చూపుతుంది. రంగు కంటే ముందు మెరుపు చూడాలి. మెరుపు లేని బట్ట ఏ ముదురు రంగులో ఉన్నా పర్వాలేదు. ఆ అరచేతంత పువ్వుల గురించి వేరే చెప్పనక్కరలేదు. పువ్వులు కావాలనుకునేవాళ్ళు రూపాయి బిళ్ళ కంటే చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నవి ఎంచుకుంటే చాలు.

మెడ వి ఆకారం, లోతు తక్కువ. నిండు ఛాతీ ఉన్నవాళ్ళు మర్యాద కోసం మెడ మూసేస్తే ఛాతీ ఒకే పలకలా వెడల్పుగా కనిపిస్తుంది. ఐదు అంగుళాల వి దాన్ని రెండుగా చీలుస్తుంది, ఏమీ బయటపెట్టదు. వెనక యు ఆకారం, పట్టీలు అంగుళంన్నర వెడల్పు. వీపు మీద పట్టీలు కలిసే పోటీ పద్ధతి భుజాలు జారేవాళ్ళకు చాలా మంచిది. తడిసినప్పుడు విప్పుకోవడానికి మాత్రం చేతులు బాగా వెనక్కి తిరగాలి, ఈమెకు అది కష్టం. జిప్పు తీసేశాం. వెనక జిప్పు పెట్టాలన్నా తీయాలన్నా ఇంకొకరు కావాలి. సాగే బట్టకు జిప్పు అవసరమే లేదు, మెడ లోంచి కాళ్ళు పెట్టి పైకి లాక్కోవడమే.

లోపలి పని బయటికి కనిపించదు, కానీ ఖరీదంతా అక్కడే. ఛాతీకీ ఛాతీ కింది కొలతకూ ఆరు అంగుళాల తేడా ఉన్నప్పుడు రెడీమేడ్ సూట్లలో వచ్చే ఒంటి పొర బాడీ ఆపలేదు. లోపల విడిగా బాడీ కుట్టి, కింద వెడల్పు ఎలాస్టిక్ 30 అంగుళాలకు బిగించాం. మందపాటి స్పాంజి కప్పులు నీళ్ళు తాగి బరువెక్కుతాయి, పల్చటివే పెట్టాం. పొట్ట మీద పవర్‌నెట్, అంటే ఒంటిని నొక్కిపట్టే సాగే వల బట్ట, ఒకే పొర. రెండు పొరలు వేయమన్నారు. వేస్తే అద్దం ముందు బాగుంటుంది. నొక్కిన మాంసం ఎక్కడికీ పోదు, పైకీ కిందికీ జరిగి కొత్త మడత పడుతుంది. పైగా ఈదేవాళ్ళకు నిండుగా ఊపిరి అందాలి.

ఇంకో సంగతి ఆమె చివర్లో, వెళ్ళబోతూ చెప్పారు. సిజేరియన్ గీత మీద ఏ కుట్టు తగిలినా దురద పెడుతుందట. పవర్‌నెట్ కింది కుట్టు సరిగ్గా అక్కడే వస్తుంది. దాన్ని రెండు అంగుళాలు పైకి జరిపి, కింద ఒక మెత్తటి లైనింగ్ పొర వదిలాం. కాన్పు ఆపరేషన్ అయినవాళ్ళను ఈ ప్రశ్న ముందే అడగడం ఇప్పుడు మా కొలతల పుస్తకంలో ఒక గడి అయింది.

బట్ట

నెల్లూరులో 'లైక్రా' అని అడిగితే చేతిలో పెట్టేది లెగ్గింగ్ బట్ట. లైక్రా అనే సాగే దారాన్ని 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేశారు. అది తన పొడవుకు ఐదారు రెట్లు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. కానీ అది దేనితో కలిసిందన్నదే ముఖ్యం. కాటన్‌తో కలిస్తే నీళ్ళు తాగి బరువెక్కి వేలాడుతుంది. స్విమ్‌సూట్లకు సాధారణంగా వాడేది నైలాన్ 80 పాళ్ళు, సాగే దారం 20 పాళ్ళు కలిసినది. మెత్తగా ఉంటుంది, ఒంటిని అందంగా పట్టుకుంటుంది. దాని శత్రువు క్లోరిన్. రోజూ పూల్‌కు వెళ్ళేవాళ్ళకు ఆ సాగే దారం కొరుక్కుపోయి, వెనక భాగం సంచిలా వదులవుతుంది, లైనింగ్ కనిపించేంత పల్చబడుతుంది.

అందుకని పాలిస్టర్, పీబీటీ (పాలిస్టర్‌లోనే కాస్త సాగే రకం) కలిసిన బట్ట చెన్నై నుంచి తెప్పించాం. ఇది క్లోరిన్‌కు బాగా తట్టుకుంటుంది, రంగు నిలుస్తుంది. నైలాన్ అంత మెత్తగా ఉండదు, అంతగా పట్టుకోదు. ఆ లోటు కొలత తీరుస్తుందని నా లెక్క. ఏడాదికి రెండుసార్లు రిసార్టుకు వెళ్ళేవాళ్ళయితే నైలాన్‌దే తీసుకోమంటాను.

కోసే ముందు ముక్కను బక్కెట్‌లో ముంచి, కాస్త సాగదీసి బల్బుకు అడ్డంగా పట్టాను. నేవీలోంచి వెలుతురు రాలేదు. నెమలి నీలంలోంచి నా వేళ్ళ నీడ లీలగా కనిపించింది, అందుకే మధ్య ముక్కకు పూర్తి లైనింగ్ వేశాం. దుకాణంలో కొనేవాళ్ళు తడిపి చూడలేరు కాబట్టి, చెయ్యి లోపల పెట్టి సాగదీసి చూస్తే చాలు. లేత రంగుల విషయంలో ఇది తప్పనిసరి.

కుట్టుకు మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, ఓవర్‌లాక్, అంచులకు జిగ్‌జాగ్. మామూలు నిలువు కుట్టు వేస్తే మొదటిసారి వంగినప్పుడే దారం తెగుతుంది. ఎలాస్టిక్ కూడా లంగాలకు వేసే రకం పనికిరాదు, ఈత దుస్తులకు వాడే రబ్బరుదే కావాలి.

ట్రయల్

లోదుస్తుల మీదే వేసుకోమన్నాం. నిలబడి అద్దంలో చూసుకోవడం ట్రయల్ కాదు. చేతులు పైకెత్తాలి, ముందుకు వంగి నేల తాకబోవాలి, గొంతుకూర్చోవాలి, లేచి నిండుగా ఊపిరి పీల్చాలి. ఆ తర్వాత దేన్నీ చేత్తో సర్దుకోకుండా అద్దం ముందుకు రావాలి. సర్దుకోవాలని చెయ్యి ఎటు పోతుందో అక్కడ కొలత కుదరలేదన్నమాట. ఆమె చెయ్యి భుజం వైపు పోలేదు, వెనక్కీ పోలేదు. మోకాలి దగ్గరికి మాత్రం పోయింది. అక్కడి ఎలాస్టిక్ కాలిని నొక్కి పైన చిన్న ఉబ్బు తెచ్చింది. ఎలాస్టిక్ తీసి, అదే బట్టను రెండు మడతలుగా వెడల్పు పట్టీ వేస్తే ఉబ్బు పోయింది. భుజం పట్టీ కింద రెండు వేళ్ళు దూరాయి, మూడోది దూరలేదు. పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగువుగా అనిపించాలి, తడిశాక అదే సరిపోతుంది.

నిటారుగా నిలబడమని ఈసారి నేను అనలేదు.

పొట్ట ఉంది. ఎక్కడికీ పోలేదు. కానీ దాని పైన రొమ్ముకూ నడుముకూ మధ్య ఒక జానెడు చోటు తేలింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి. ఆమె పక్కకు తిరిగి చూసుకున్నారు, ఇటు తిరిగి చూసుకున్నారు, "స్కర్టు లేకపోయినా పర్వాలేదు లెండి" అన్నారు. మొత్తం ఖర్చు, బట్టతో కలిపి 2,200 రూపాయలు.

ఆ తర్వాత

బ్యాచిలో ఒకరిద్దరు బరువు తగ్గారా అని అడిగారట. డాక్టరు దగ్గరి తూకంలో అప్పటికి ఏమీ తగ్గలేదు. ఆమె చెప్పిన వాటిలో నాకు పనికొచ్చినది ఇంకొకటి: వెల్లకిలా తేలుతున్నప్పుడు సూటు పైకి జరగడం లేదు. నిలువు చుట్టు సరిపోయిందనడానికి అంతకంటే పరీక్ష అక్కర్లేదు.

ఎండాకాలం దాటాక సూటు చూపించడానికి తెచ్చారు. రంగు, సాగుదల బాగున్నాయి. కూర్చునే చోట మాత్రం బట్ట మీద ఉండలు లేచాయి. కారణం పూల్ గట్టు సిమెంటు. కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. తువ్వాలు వేసుకుని కూర్చోమన్నాను. పవర్‌నెట్ కాస్త వదులైంది, అందులో ఉన్నది నైలాన్, సాగే దారం కాబట్టి అది ఊహించినదే. భుజం పట్టీల దగ్గర జిడ్డు వాసన వచ్చింది. తలకు కొబ్బరినూనె పెట్టుకుని, జడ అలాగే వేసుకుని దిగుతున్నారట. నూనె సాగే దారానికి మంచిది కాదు, పూల్ నీళ్ళకూ మంచిది కాదు. ఈత అయ్యాక నూనె పెట్టుకోవడం మేలు.

ఉతకడం గురించి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. పనమ్మాయి బండ మీద బ్రష్ వేసి రుద్ది, పిండి, మిద్దె మీద రోహిణి కార్తె ఎండలో ఆరేస్తోంది. అలా చేస్తే ఏ బట్టయినా ఎన్నాళ్ళుంటుంది? పూల్‌లో దిగే ముందు మంచినీళ్ళలో ఒళ్ళూ సూటూ తడపాలి; ముందే మంచినీళ్ళు తాగిన బట్ట క్లోరిన్ నీళ్ళు తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే మళ్ళీ మంచినీళ్ళలో జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి. వాషింగ్ మెషీన్ వద్దు.

ఇదే పద్ధతి అందరికీ అతకదు. మొండెం పొట్టిగా ఉన్నవాళ్ళకు ఇబ్బంది తిరగబడుతుంది. నడుము దగ్గర బట్ట మిగిలి అడ్డమడతలు పడతాయి. వాళ్ళు సైజు తగ్గించకుండా, పక్కల్లో కుచ్చులు పెట్టిన సూటు తీసుకుంటే ఆ మిగులు కుచ్చుల్లో కలిసిపోతుంది, పొట్టకూ అదే మంచిది. పైన సన్నగా, సీటు బరువుగా ఉన్నవాళ్ళకు లేత రంగు పైనా ముదురు రంగు కిందా ఉండాలి. తొడలు పొట్టిగా కనిపిస్తున్నాయని బాధపడేవాళ్ళకు కాలి దగ్గర కోత కాస్త ఎత్తుగా ఉంటే కాళ్ళు పొడవనిపిస్తాయి; మనవైపు దాన్ని అడిగేవాళ్ళు తక్కువ, కాలేజీ పిల్లలు అడుగుతారు.

ఆమె ఇప్పుడు రెండో సూటుకు కొలతలు ఇచ్చారు. ఈసారి పూల్ కోసం కాదు, పిల్లలతో మైపాడు సముద్రతీరానికి వెళ్ళడానికి. అక్కడ ఆడవాళ్ళు చీరలతో, చుడీదార్లతో అలల్లోకి దిగడం రోజూ చూసేదే. తడిసిన ఐదున్నర మీటర్ల బట్ట కాళ్ళకు చుట్టుకుంటే బావిలో ఈత నేర్చినవాళ్ళకైనా అలను తప్పించుకోవడం కష్టం. కొలతలు అవే, నిలువు చుట్టు మళ్ళీ 67. బట్ట మాత్రం నైలాన్, ఎండ ఉంటుంది కాబట్టి చేతులు మోచేతి దాకా. రంగు దగ్గర కాస్త పట్టుబట్టాను. నేవీ, నీలం, బూడిద సముద్రంలో కలిసిపోతాయి, ఒడ్డున ఉన్నవాళ్ళకు మనిషి కనిపించదు. నారింజ రంగు లావుగా చూపిస్తుందని ఆమె భయం. పక్కలు నేవీయే ఉంచి, భుజాలకూ చేతులకూ నారింజ వేద్దామన్నాను. నీళ్ళలో ఉన్నప్పుడు పైకి కనిపించేవి అవే కదా. ఒప్పుకున్నారు, టోపీ కూడా అదే రంగు తెప్పించమన్నారు.